స్క్రిప్టు రాసినోడు వెళ్లిపోయాడు, మోసేది మీరు: స్క్రీన్ టెస్టుల మీద పాఠకుల ప్రశ్నలు

పోయిన నెల టెస్టింగ్ తలనొప్పులేమైనా ఉంటే రాయండి అన్నందుకు ఉత్తరాలు బాగానే వచ్చాయి. కొత్తగా ఏ టూల్ నేర్చుకోవాలి అని అడిగినవాళ్లు ఒకరిద్దరే, మిగతావాళ్లంతా ఎవరో రాసిపెట్టి వెళ్లిన ఆటోమేషన్‌ని, అంటే మనిషి బదులు స్క్రీన్ మీద నొక్కి చూసే టెస్ట్ స్క్రిప్టుల్ని, రోజూ ఎలా ఈదాలి అనే అడిగారు. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే. కంపెనీల పేర్లు, మనుషుల పేర్లు నేనే తీసేశాను, ఎవరి ఉద్యోగానికీ ఇబ్బంది ఉండకూడదని.

సర్ నమస్తే. గచ్చిబౌలిలో ఒక హాస్పిటల్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి టెస్ట్ లీడ్‌ని. సెలీనియం (బ్రౌజర్‌ని నడిపే టూల్), జావాతో రాసిన సుమారు వెయ్యి టెస్టులు రోజూ రాత్రి జెంకిన్స్‌లో (చెప్పిన టైముకి పనులు తానే నడిపే టూల్) నడుస్తాయి. పొద్దున చూస్తే ఓ యాభై ఎర్రగా ఉంటాయి, మళ్లీ రన్ చేస్తే సగం పైన ఆకుపచ్చ అయిపోతాయి, మర్నాడు ఇంకేవో ఫెయిల్. పాతవాళ్లు ఎక్కడపడితే అక్కడ ఐదు సెకన్లు ఊరికే ఆగే స్లీప్ పెట్టేసి వెళ్లారు. డెవలపర్లు మా రిపోర్ట్ తెరవడమే మానేశారు. మేనేజర్ ఇదంతా తీసేసి మాన్యువల్‌గా చేసుకుందామా అంటున్నారు. ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి?
– టెస్ట్ లీడ్, గచ్చిబౌలి

ఆ యాభై ఫెయిల్యూర్ల సంగతి తర్వాత, డెవలపర్లు రిపోర్ట్ తెరవట్లేదన్నారు చూడండి, దానికే నాకు భయమేసింది. రేపు నిజంగా బిల్లు తప్పు పడ్డా ఆ ఎర్ర గీత యాభైలో యాభై ఒకటోది అవుతుంది అంతే, ఎవరూ పట్టించుకోరు.

ముందు ఒక లెక్క మేనేజర్‌కి చూపించండి. ఒక్కో టెస్టూ ఏ కారణం లేకుండా ఫెయిలయ్యే ఛాన్స్ నూటికి ఒకటే అనుకుందాం, బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ వెయ్యి టెస్టులుంటే సగటున రాత్రికి పది ఉత్తి పుణ్యానికి ఎర్రబడతాయి, అన్నీ పచ్చగా వచ్చే రాత్రి లక్షలో నాలుగు. అదే వెయ్యికి ఒకటికి తగ్గిస్తే మూడు రాత్రుల్లో ఒక రాత్రి పైగా పూర్తి పచ్చ. అంటే టెస్టుల సంఖ్య పెంచేకొద్దీ ఒక్కో టెస్టు నమ్మకం ఇంకా ఎక్కువ ఉండాలి, మనవాళ్లు చేసేది ఉల్టా, సంఖ్య పెంచి స్లైడులో పెడతారు. ఇది మీ ఒక్కరి గోల కూడా కాదు, 2016లో గూగుల్ వాళ్లే చెప్పుకున్నారు, వాళ్ల మొత్తం టెస్ట్ రన్లలో 1.5 శాతం దాకా ఇలా ఒకసారి పాస్ ఒకసారి ఫెయిల్ రకమేనని, టెస్టుల్లో దాదాపు 16 శాతానికి ఎంతో కొంత ఈ ఫ్లేకీతనం ఉందని.

ఇక పని. మొదటి వారం ఏదీ రిపేరు చేయకండి, పొద్దున్నే ఎర్రగా వచ్చినవాటి పక్కన కారణం రాయండి చాలు. నిజమైన బగ్గా, స్క్రీన్ మారితే స్క్రిప్టు మారలేదా, టైమింగా, డేటానా, మెషీనా. చాలామంది అన్నిటికీ టైమింగ్ అని రాసేస్తారు, అలా రాయొద్దు, స్క్రీన్‌షాట్ తెరిచి చూసి రాయండి. మీది హాస్పిటల్ బిల్లింగ్ కాబట్టి చెప్తున్నా, పెద్ద వాటా డేటాదే ఉంటుందని నా అనుమానం. ఎవరో ఎప్పుడో ఒక టెస్ట్ పేషెంట్‌ని తయారుచేసి ఉంటారు, రెండొందల టెస్టులు ఆ ఒక్క పేషెంట్ మీదే నడుస్తుంటాయి, పక్కపక్కనే రెండు నడిచినప్పుడు ఒకటి బిల్లు క్లోజ్ చేస్తుంది, ఇంకొకటి ఓపెన్ బిల్లు ఏదీ అని వెతుక్కుని ఫెయిలవుతుంది. మళ్లీ ఒంటరిగా రన్ చేస్తే పాస్, మరి పాసవ్వక ఏం చేస్తుంది. ప్రతి టెస్టూ తన పేషెంట్‌ని తానే ఏపీఐ (స్క్రీన్ లేకుండా నేరుగా సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడే దారి) ద్వారా పుట్టించుకోవాలి, పేరు చివర టైమ్‌స్టాంప్ తగిలించి. ఈ ఒక్క మార్పుతో చాలా రంగు మారుతుంది.

ఇప్పుడు టైమింగ్. స్క్రీన్ మీద నిజంగా ఏం జరుగుతుందో ఒక్క క్లిక్కు తీసుకుని నిదానంగా చూద్దాం. సేవ్ బటన్ నొక్కాలి. బటన్ పేజీలో ఉంది, కనిపిస్తోంది కూడా, కానీ దాని మీద ఇంకా లోడింగ్ చక్రం తాలూకు పారదర్శక పొర పరుచుకుని ఉంది, క్లిక్కు ఆ పొరకి తగులుతుంది, సెలీనియం ఎలిమెంట్ క్లిక్ ఇంటర్‌సెప్టెడ్ అని ఎర్రర్ విసిరేస్తుంది. పోనీ క్లిక్ పడింది, వెంటనే బిల్లుల పట్టిక రిఫ్రెష్ అయింది, మీరు ముందే పట్టుకుని ఉంచుకున్న వరస పాత పేజీది, కొత్త పట్టికలో అది లేదు, స్టేల్ ఎలిమెంట్ అని ఎర్రర్. పోనీ అదీ దాటింది, పైన పచ్చగా 'బిల్లు సేవ్ అయింది' అని మెసేజ్ మూడు సెకన్లు వచ్చి పోతుంది, మీ స్క్రిప్టు ఐదు సెకన్లు నిద్రపోయి లేచి అది ఏదీ అంటుంది. చూశారా, ఇక్కడ స్లీప్ పెట్టడం వల్లే ఫెయిలైంది. అందుకే ఇంతసేపు ఆగు అని చెప్పకూడదు, ఫలానాది జరిగేదాకా ఆగు అని చెప్పాలి. పొర పోయేదాకా ఆగు, నొక్కు, పట్టికలో ఈ బిల్లు నంబర్ ఉన్న వరస వచ్చేదాకా ఆగు, ఆ వరసని అప్పుడే కొత్తగా వెతుకు. ఆ మూడు సెకన్ల మెసేజ్ మీద అసలు ఆధారపడకండి, బిల్లు నంబర్ వచ్చిందా లేదా అన్నదే మనకి కావాల్సింది.

ఇంకోటి, మీ ఫ్రేమ్‌వర్క్‌లో ఎక్కడో మూల ఒక ఇంప్లిసిట్ వెయిట్ (ఏ ఎలిమెంట్ వెతికినా ఇన్ని సెకన్ల దాకా చూడు అనే సెట్టింగ్) పెట్టి ఉందేమో చూడండి. దాన్ని, ఎక్స్‌ప్లిసిట్ వెయిట్‌ని (పైన చెప్పిన ఫలానాది జరిగేదాకా ఆగు రకం) కలపొద్దని సెలీనియం డాక్యుమెంటేషన్‌లోనే హెచ్చరించారు, పది సెకన్ల ఇంప్లిసిట్, పదిహేను సెకన్ల ఎక్స్‌ప్లిసిట్ పెడితే ఇరవై సెకన్లకి టైమవుట్ అవ్వొచ్చని ఉదాహరణతో సహా. ఇంప్లిసిట్‌ని సున్నా చేసేయండి, మొదటి రోజు బోలెడు ఫెయిలవుతాయి, అవే మీ అసలు రిపేరు లిస్టు.

రీట్రై, అంటే ఫెయిలైనదాన్ని వెంటనే మళ్లీ నడపడం, పెట్టొచ్చా అంటే ఒకటి పెట్టుకోండి, కానీ రెండోసారికి పాసైనవాటి పేర్లు ఎక్కడో కనబడాలి, లేకపోతే దుమ్ము తివాచీ కిందకే పోతుంది. నెలలో పదే పదే ఆ లిస్టులోకొచ్చే టెస్టుని వేరే జెంకిన్స్ జాబ్‌లో పడేయండి, పక్కన ఒక మనిషి పేరు, ఒక తేదీ. ఆ తేదీకి బాగవలేదంటే డిలీట్. డిలీట్ అంటే మనవాళ్లకి ప్రాణం పోయినట్టుంటుంది, తెలుసు, కానీ మీ వెయ్యిలో డిస్కౌంట్ లెక్కలు, జీఎస్టీ లెక్కలు స్క్రీన్ గుండా చెక్ చేసేవి ఎన్నో తీసి చూడండి. అవి ఏపీఐ దగ్గర సెకనులో అయిపోయే పనులు, వాటికోసం బ్రౌజర్ తెరిచి లాగిన్ అయి నాలుగు మెనూలు దాటక్కర్లేదు. స్క్రీన్ టెస్టు స్క్రీన్‌కి సంబంధించినదాన్నే చూడాలి. డెవలపర్లు మళ్లీ మీ వైపు చూడాలంటే గట్టివి ఓ నలభై ఏరి వాటిని మాత్రం ప్రతి పుల్ రిక్వెస్ట్ (తన కోడ్ మార్పు కలపమని డెవలపర్ పంపేది) మీద నడపండి. తన కోడ్ మెర్జ్ ఆగితే ఎవడైనా రిపోర్ట్ తెరుస్తాడు.

మేడమ్/సర్, మాది బెంగళూరు, ఊరు నెల్లూరు. మా రియాక్ట్‌తో కట్టిన వెబ్ అప్లికేషన్‌లో యూఐ లైబ్రరీ (బటన్లు, పెట్టెలు ఇచ్చే రెడీమేడ్ కోడ్) వెర్షన్ మార్చారు, చూడ్డానికి స్క్రీన్ ఏమీ మారలేదు కానీ నా స్క్రిప్టులు మూడొంతులు పోయాయి. డెవలపర్‌ని అడిగితే "నేనేం మార్చలేదే" అంటాడు. ప్రతి రిలీజ్‌కీ ఇదే కథ.
– ఆటోమేషన్ ఇంజనీర్

అతను అబద్ధం చెప్పట్లేదమ్మా, అతని లెక్కలో ఏమీ మారలేదు. మీ స్క్రిప్టు పట్టుకుంది అతను మాటివ్వని వాటిని. క్లాస్ పేరులో సీఎస్‌ఎస్ అని వచ్చి పక్కన అర్థంలేని అక్షరాలు అంకెలు ఉంటాయే, అవి బిల్డ్ చేసినప్పుడు మెషీన్ పుట్టించినవి. చివర నంబరున్న ఐడీలూ అంతే. ఇక బ్రౌజర్‌లో కుడి క్లిక్ కొట్టి కాపీ ఎక్స్‌పాత్ (పేజీలో అది ఉన్న చోటి అడ్రస్) అని తెచ్చుకున్నవైతే మూడో డివ్‌లో (పేజీలోని డబ్బాలో) రెండో డివ్‌లో బటన్ అని ఉంటాయి, గేదెని కట్టేసిన ఇల్లే మాది అని అడ్రస్ చెప్పినట్టు, గేదెని తోలుకుపోతే ఇల్లు దొరకదు.

పట్టుకోవాల్సింది యూజర్ పట్టుకునేదాన్ని. యూజర్‌కి అది 'సబ్మిట్' అనే బటన్, 'మొబైల్ నంబర్' అనే లేబుల్ ఉన్న పెట్టె. ప్లేరైట్‌లో (సెలీనియం లాంటి ఇంకో టూల్) గెట్ బై రోల్ (అది బటనా, లింకా అన్నదాన్ని బట్టి), గెట్ బై లేబుల్ అని ఇందుకే ఇచ్చారు, సెలీనియంలో అయినా లేబుల్‌ని బట్టి వెతికే చిన్న ఫంక్షన్ మీరే రాసుకోవచ్చు. అప్లికేషన్ రెండు మూడు భాషల్లో ఉంటే, లేదా మార్కెటింగ్ వాళ్లు వారం వారం బటన్ మీద మాటలు మారుస్తుంటే, అక్కడ మాత్రం డేటా టెస్ట్ఐడీ (టెస్టుల కోసమే కోడ్‌లో పెట్టే పేరు) పెట్టించుకోండి. పెట్టించుకోండి అంటే టికెట్ వేసి మూడు స్ప్రింట్లు ఎదురుచూడమని కాదు, రెపో (కోడ్ ఉండే చోటు) యాక్సెస్ అడిగి మీరే ఒక లైను కలిపి పుల్ రిక్వెస్ట్ పంపండి, అతను అప్రూవ్ చేస్తాడు, చేశాడంటే ఇక ఆ పేరు మార్చనని ఒప్పుకున్నట్టే. రేపు తీసేస్తే "నేనేం మార్చలేదే" అనడానికి ఉండదు.

లొకేటర్లు, అంటే స్క్రీన్ మీద ఒకదాన్ని వెతికే గుర్తులు, టెస్టుల్లో చల్లకుండా స్క్రీన్‌కొక క్లాసులో పెట్టుకోవడం, అదే పేజ్ ఆబ్జెక్ట్, మీకు తెలిసే ఉంటుంది కాబట్టి దాని మీద ఎక్కువ చెప్పను. కానీ ఒక్కటి చెప్పి వదిలేస్తా. పేరుతో, రోల్‌తో ఒక బటన్ దొరకట్లేదంటే అది మీకే కాదు, చూపు లేనివాళ్లు వాడే ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్‌కి కూడా దొరకట్లేదని అర్థం. ఉత్తి బొమ్మ ఉన్న డివ్‌ని బటన్ అని పెట్టి ఉంటారు, స్క్రీన్ రీడర్ దాన్ని బటన్ అని చదవదు. డబ్ల్యూసీఏజీ అనే వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణాల్లో 4.1.2 నంబరుది సరిగ్గా ఇదే, పేరు, రోల్, వాల్యూ. టెస్టింగ్ కోసం అంటే వినని డెవలపర్ యాక్సెసిబిలిటీ బగ్ అని వేస్తే వింటాడు, వినాలి కూడా.

సోమవారం పొద్దున వచ్చేసరికి మొత్తం రన్ ఎర్రగా ఉంది, ఒక్క టెస్టు కూడా స్టార్ట్ కాలేదు. క్రోమ్‌డ్రైవర్ (సెలీనియం మాటని క్రోమ్‌కి చేర్చే ప్రోగ్రామ్) ఫలానా క్రోమ్ వెర్షన్‌నే సపోర్ట్ చేస్తుందని ఎర్రర్. శుక్రవారం బానే ఉంది కదా అన్నా?
– ఫ్రెషర్, కాకినాడ

వీకెండ్‌లో క్రోమ్ తనంతట తాను అప్‌డేట్ అయింది తమ్ముడూ. 2021లో 94వ వెర్షన్ నుంచి క్రోమ్ నాలుగు వారాలకోసారి కొత్త పెద్ద వెర్షన్ ఇవ్వడం మొదలెట్టింది, మీ దగ్గర డ్రైవర్ ఫైలు మాత్రం ఎవరో రెపోలో పడేసి మర్చిపోయిందే ఉంది. సెలీనియం 4.6 నుంచి సెలీనియం మేనేజర్ అని లోపలే వస్తుంది, డ్రైవర్ దొరక్కపోతే సరైనది అదే తెచ్చుకుంటుంది, కాబట్టి వెర్షన్ పెంచి, కోడ్‌లో డ్రైవర్ పాత్ సెట్ చేసిన లైను తీసెయ్. డౌన్‌లోడ్ చేసే సొంత స్క్రిప్టు ఉందంటే అదీ తీసెయ్, క్రోమ్ 115 నుంచి డ్రైవర్లు దొరికే చోటే మారింది. సర్వర్‌లో మాత్రం మామూలు క్రోమ్ వద్దు, క్రోమ్ ఫర్ టెస్టింగ్ అని విడిగా ఉంటుంది, అది తనంతట తాను అప్‌డేట్ అవ్వదు, ఆ వెర్షన్‌ని ఫిక్స్ చేసి పెట్టి, నెలకోసారి మీకు తీరిక ఉన్న రోజు మీరే పెంచండి. పైథాన్ అయితే ఇంకో గుంట ఉంది, 4.3లో ఫైండ్ ఎలిమెంట్ బై ఐడీ లాంటి పాత ఫంక్షన్లన్నీ తీసేశారు, అప్‌గ్రేడ్ చేయగానే వందల ఎర్రర్లొస్తాయి, కంగారుపడకు, ఫైండ్ అండ్ రీప్లేస్‌తో సాయంత్రానికల్లా అయిపోతుంది.

వంద శాతం ఆటోమేషన్ సాధ్యమేనా?
– ప్రాజెక్ట్ మేనేజర్, కొండాపూర్

మీకు చూపించే స్లైడులో సాధ్యమే.

విండోస్ డెస్క్‌టాప్ అప్లికేషన్, పైవిన్ఆటోతో (విండోస్ అప్లికేషన్లని నడిపే పైథాన్ లైబ్రరీ) టెస్టులు. నేను రిమోట్ డెస్క్‌టాప్‌లో కనెక్ట్ అయి కూర్చుని చూస్తుంటే అన్నీ పాస్. విండో మూసేసి ఇంటికెళ్తే అన్నీ ఫెయిల్. టీమ్‌లో నవ్వుతున్నారు, నువ్వు చూస్తేనే పాసవుతాయా అని.
– పేరు వద్దన్నారు, విజయవాడ

నవ్వనివ్వండి, నిజంగానే మీరు చూస్తేనే పాసవుతాయి. రిమోట్ డెస్క్‌టాప్ మినిమైజ్ చేసినా, కనెక్షన్ కట్ చేసినా విండోస్ ఆ సెషన్‌కి స్క్రీన్ గీయడం మానేస్తుంది. మౌస్ కదిపి నొక్కే స్క్రిప్టుకి నొక్కడానికి డెస్క్‌టాపే ఉండదు. మినిమైజ్ సమస్యకి, మీరు కనెక్ట్ అయ్యే కంప్యూటర్‌లో రిజిస్ట్రీలో రిమోట్‌డెస్క్‌టాప్ అండర్‌స్కోర్ సప్రెస్ వెన్ మినిమైజ్డ్ అనే వాల్యూ 2 పెట్టాలి. మూసేసి వెళ్లాలంటే వెళ్లేముందు ఆ మెషీన్‌లో అడ్మిన్‌గా టీఎస్‌కాన్ కమాండ్‌తో మీ సెషన్‌ని కన్సోల్‌కి (ఆ మెషీన్ సొంత స్క్రీన్‌కి) మళ్లించండి, మీ విండో పోతుంది కానీ అక్కడ డెస్క్‌టాప్ తెరుచుకునే ఉంటుంది. తెరుచుకునే అంటే లాక్ లేకుండా, కాబట్టి అది విడి మెషీన్ అయి ఉండాలి, సెక్యూరిటీ వాళ్లకి ముందే చెప్పండి.

జెంకిన్స్‌తో నడుపుతుంటే దాని ఏజెంట్ ప్రోగ్రామ్‌ని విండోస్ సర్వీసుగా పెట్టారా అన్నది కూడా చూసుకోండి. విస్టా నుంచి సర్వీసులన్నీ సెషన్ సున్నాలో నడుస్తాయి, అక్కడ మనిషికి కనబడే డెస్క్‌టాపే లేదు. ఏజెంట్ యూజర్ లాగిన్ అయినప్పుడు మొదలయ్యేలా మార్చాలి. ఆపైన డిస్‌ప్లే స్కేలింగ్, మీ ల్యాప్‌టాప్‌లో 125 శాతం, సర్వర్‌లో 100 శాతం ఉంటే ఎక్స్ వై నంబర్లతో చేసిన క్లిక్కులు పక్కన పడతాయి. నంబర్లు మానేసి ఆటోమేషన్ ఐడీతో (బటన్‌కి అప్లికేషన్ లోపల ఉండే పేరు) పట్టుకుని, కుదిరిన చోటల్లా క్లిక్ ఇన్‌పుట్ బదులు ఇన్‌వోక్ వాడండి. దానికి మౌస్‌తో పనిలేదు, ఆ బటన్‌కే నేరుగా చెప్తుంది.

వైజాగ్‌లో ఒక కంపెనీలో పదేళ్లకు పైగా క్యూటీపీ (లైసెన్స్ కొని వాడే పాత టెస్టింగ్ టూల్) స్క్రిప్టులున్నాయి. లైసెన్స్ ఖర్చు ఎక్కువైందని మొత్తం ప్లేరైట్‌కి మార్చమన్నారు, నాకు ఇద్దరు జూనియర్లని ఇచ్చారు. ఒక్కో స్క్రిప్టునీ లైన్ బై లైన్ మార్చుకుంటూ వెళ్తున్నాం. సరైన పద్ధతేనా?
– సీనియర్ క్యూఏ

కాదండీ, ఆపేయండి. ఎందుకో చెప్పేముందు, మార్చాలన్న నిర్ణయం మాత్రం తప్పుకాదు. క్యూటీపీ మెర్క్యురీ అనే కంపెనీది, 2006లో హెచ్‌పీ చేతికొచ్చింది, తర్వాత యూఎఫ్‌టీ అయింది, 2017లో మైక్రో ఫోకస్, 2023లో ఓపెన్‌టెక్స్ట్. చేతులు మారినా టూల్ బతికే ఉంది, కానీ మీ స్క్రిప్టులు వీబీస్క్రిప్ట్ భాషలో ఉన్నాయి, దాన్ని విండోస్ నుంచి తీసేయబోతున్నామని మైక్రోసాఫ్ట్ 2023 అక్టోబర్లోనే ప్రకటించింది. ఎలాగూ ఏదో ఒక రోజు ఈ పని తప్పేది కాదు. టూల్స్ ఆయుష్షు ఇంతే, విజువల్ స్టూడియోలో కోడెడ్ యూఐ 2019 వెర్షన్‌తో ఆఖరు, యాంగ్యులర్ వాళ్ల ప్రొట్రాక్టర్ 2023 ఆగస్టులో ఆఖరు. ప్లేరైట్ కూడా 2020లో వచ్చింది, అది మాత్రం చిరంజీవి అని ఎవరు చెప్పారు.

అందుకే లైన్ బై లైన్ వద్దంటున్నా. అలా మారిస్తే క్యూటీపీలో రాసిన ఆలోచనే ప్లేరైట్ బట్టలేసుకుని వస్తుంది, మధ్యలో పెట్టిన వెయిట్లు, వెబ్ఎడిట్ అండర్‌స్కోర్ మూడు లాంటి ఆబ్జెక్ట్ రిపాజిటరీ పేర్లు, ఎందుకున్నాయో తెలియని ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్‌లు (ఎర్రర్ వచ్చినా పట్టించుకోకుండా ముందుకెళ్లు అనే లైన్లు) అన్నీ సహా. ఆ ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్ ఉన్న చోటల్లా ఒకసారి ఆగి చూడండి, ఏళ్ల తరబడి పాసవుతున్న టెస్టు అసలు ఏమీ చెక్ చేయట్లేదని తేలొచ్చు.

ముందు టెస్టు పేర్ల లిస్టు తీసి, బిజినెస్ తెలిసిన పాత మనిషి ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఇది గత రెండేళ్లలో ఒక్క బగ్ అయినా పట్టిందా, ఇది ఆగితే ఎవరికి నష్టం, ఈ స్క్రీన్ ఇంకా ఉందా. సగం అక్కడే రాలిపోతాయి, ఏడవకండి. ఎక్సెల్ షీట్లలో ఉన్న డేటా మాత్రం ఒక్కటి కూడా పారేయొద్దు, ఏ ఇన్‌పుట్‌కి ఏ జవాబు రావాలో పదేళ్లుగా పోగేసింది అందులోనే ఉంది, స్క్రిప్టుల కంటే అదే విలువైంది. కొత్తగా రాసేటప్పుడు టెస్టులో 'ఆర్డర్ పెట్టు, రద్దు చెయ్, రీఫండ్ చూడు' అనే మాటలే ఉండాలి, ప్లేరైట్ అన్న పేరు కింది పొరలో తప్ప పైన ఎక్కడా కనబడకూడదు. రేపు దీన్నీ మార్చాల్సొస్తే కింది పొర ఒక్కటే మారుస్తారు. పాతదాన్ని ఒకేసారి ఆపేయకుండా రెండూ కొన్నాళ్లు పక్కపక్కన నడపండి, లైసెన్స్ రెన్యువల్ తేదీ చూసుకుని.

మాది తెలుగు న్యూస్ యాప్. స్క్రీన్‌షాట్ పోల్చే టెస్టులు నా ల్యాప్‌టాప్‌లో పాస్, సర్వర్‌లో ఫెయిల్. ఇంకో వింత, హెడ్‌లైన్ పోల్చితే రెండూ కంటికి ఒకేలా ఉంటాయి, టెస్టు మాత్రం వేరు అంటుంది. తెలుగుకే ఎందుకిలా?
– డెవలపర్, హైదరాబాద్

మొదటిది ఫాంట్. మీ విండోస్‌లో తెలుగు నిర్మల యూఐలో వస్తుంది, లినక్స్ సర్వర్‌లో నోటో ఉంటే నోటో, లోహిత్ ఉంటే లోహిత్, ఏదీ లేకపోతే డబ్బాలు. ఒత్తుల ఎత్తు, గుణింతాల వెడల్పు ఒక్కో ఫాంట్‌లో ఒక్కోలా ఉంటుంది, లైను ఎక్కడ విరగాలో అదే మారిపోతుంది. ఇందుకే ప్లేరైట్ స్నాప్‌షాట్ ఫైలు పేరులోనే ఏ బ్రౌజర్, ఏ ఓఎస్ అని కలుపుతుంది. పోల్చాల్సిన బొమ్మలు ల్యాప్‌టాప్‌లో తీయకండి, సర్వర్‌లో వాడే డాకర్ ఇమేజ్‌లోనే (ఓఎస్, ఫాంట్లు అన్నీ కలిపి కట్టిన మూట) తీయండి, ఆ ఇమేజ్‌లో ఫాంటు వెర్షన్ కూడా కదలకుండా పెట్టండి. టైమ్, ప్రకటనలు వచ్చే చోట్లు మాస్క్ చేయండి, అంటే పోల్చేటప్పుడు కప్పేయండి.

రెండోది యూనికోడ్, అంటే ఒక్కో అక్షరానికి కంప్యూటర్ వాడే కోడ్. ఐత్వం గుర్తు ై ఉందే, అది ఒకే కోడ్‌గా రావొచ్చు, ఎత్వం గుర్తు, దాని కింద ఐత్వపు తోక అని రెండు కోడ్‌లుగానూ రావొచ్చు, కంటికి 'కై' ఒకటే. రెండు వైపులా ఎన్‌ఎఫ్‌సీ (ఇలాంటివాటిని ఒకే రూపంలోకి తెచ్చే యూనికోడ్ పద్ధతి) చేసి పోల్చితే అది సరిపోతుంది. కానీ కనబడని అక్షరాలు, జీరో విడ్త్ నాన్ జాయినర్ లాంటివి, ఎన్‌ఎఫ్‌సీతో పోవు. 'సాఫ్ట్‌వేర్' అని టైప్ చేసేటప్పుడు ట, వ అతుక్కోకుండా మధ్యలో అదే వస్తుంది, ఒక సబ్‌ఎడిటర్ వాడతాడు ఒకరు వాడరు. టెస్టులో పోల్చేముందు దాన్ని తీసేసే హెల్పర్ రాసుకోవచ్చు, అయితే అన్ని చోట్లా తీసేయకండి. అది ఉండాల్సిన చోట ఉందో లేదో చూసే టెస్టు కూడా ఒకటి కావాలి.

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా'లో సరిగ్గా ఈ కనబడని అక్షరం ఇరుక్కుని వస్తే ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లు కుప్పకూలాయి, ఆపిల్ వాళ్లు అదే నెల 19న ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేశారు. మీ టెస్ట్ డేటాలో 'టెస్ట్ హెడ్‌లైన్ 1' అని కాకుండా క్ష్మి, స్త్ర్య, జ్ఞా, ర్త్స్య లాంటి గట్టి అక్షరాలు పెట్టండి, పొడుగాటి సంధి పదాలు పెట్టండి. స్క్రీన్ విరిగేది అక్కడే.

మాది ఖమ్మం. మా అమ్మాయి బీటెక్ అయ్యాక అమీర్‌పేటలో సెలీనియం కోర్సులో చేరింది. ఇప్పుడు ఏఐ స్క్రిప్టులు రాస్తోంది, విరిగితే తానే బాగుచేసుకుంటోంది అంటున్నారు. డబ్బు దండగేనా అండి?
– ఒక తండ్రి

దండగ కాదండి, కానీ ఆ కోర్సులో ఏం చెప్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. స్క్రిప్టు టైప్ చేయడం ఒక్కటే నేర్పుతుంటే ఆ పని నిజంగానే చవకైపోయింది. బాగుచేసుకునే టూల్స్ సంగతి కూడా చెప్తా, లొకేటర్ దొరక్కపోతే దానికి దగ్గరగా ఉన్న ఇంకోదాన్ని పట్టుకుని ముందుకెళ్తాయి. బటన్ పేరు 'సేవ్' నుంచి 'సేవ్ చేయి' అయితే అది మంచిదే. కానీ డెవలపర్ పొరపాటున సేవ్ బటనే తీసేశాడనుకోండి, టూల్ పక్కనున్న 'డ్రాఫ్ట్' బటన్ నొక్కి పాస్ అని రాసేసే ప్రమాదం ఉంది, పట్టుకోవాల్సిన బగ్గుని తానే కప్పేసినట్టు. అలా మార్చినవి మనిషి చూసి ఒప్పుకున్నాకే లోపలికి రావాలి. చూసి ఒప్పుకోవడానికి ఏది నిజమైన ఫెయిల్యూరో తెలిసిన మనిషి కావాలి, అమ్మాయి అలాంటి మనిషి అయితే ఢోకా లేదు.

కాబట్టి అమ్మాయితో చెప్పండి, కోర్సులో చూపించే డెమో వెబ్‌సైట్ మీద వంద స్క్రిప్టులు రాసినా లాభం లేదు. గిట్‌హబ్‌లో ఏదైనా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకి వెళ్లి ఫ్లేకీ అని వెతికితే ఇష్యూలు బోలెడు దొరుకుతాయి, అందులో ఒకటి తీసుకుని ఎందుకు ఫెయిలవుతోందో లాగ్ చదివి, ట్రేస్ (టెస్టు వేసిన ఒక్కో అడుగు రికార్డు) చూసి, కారణం రాసి పంపమనండి. ఎస్‌క్యూఎల్, గిట్, కాస్త ఏపీఐ టెస్టింగ్ కలుపుకోమనండి. ఇంటర్వ్యూకి నాలాంటివాడు కూర్చుంటే అడిగేది, ఎన్ని స్క్రిప్టులు రాశావు అని కాదు, ఎర్రగా వచ్చిన ఒక రన్ ముందు పెట్టి ఇదేంటో చెప్పమంటాం.